శృంగార ఆర్ట్ ఫొటోలో ఏది చూపాలి, ఏది వదలాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో చిన్న స్టూడియో నడుపుతున్నాను. పెళ్లి ఆల్బమ్‌ల మధ్యలో కొన్నేళ్లుగా శృంగార ఆర్ట్ ఫొటోలు కూడా తీస్తున్నాను. కర్నూలు, కడప, ప్రొద్దుటూరు నుంచి ఫోన్లు వస్తుంటాయి. అడిగే మనుషులు మారతారు, సందేహాలు మాత్రం అవే. అందుకే ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఈ జవాబులన్నిటి వెనకా నేను గట్టిగా నమ్మే మాట ఒకటుంది: ఫొటోలో ఎంత సందిగ్ధం ఉన్నా మంచిదే, ఆ ఫొటో తీసే గదిలోని మనుషుల మధ్య మాత్రం రవ్వంత కూడా ఉండకూడదు.

## మొదలుపెట్టే ముందు

శృంగార ఫొటోకీ బూతు ఫొటోకీ తేడా ఎక్కడుంది? ఎంత ఒళ్లు కనిపిస్తే బూతు అవుతుంది?

ఒళ్లు ఎంత కనిపించిందన్నది కొలత కాదు. ఒంటి నిండా బట్టలున్న బూతు ఫొటోలు పోస్టర్ల మీద రోజూ చూస్తున్నాం. నేను చూసేది ఒకటే: ఫొటో చూసినవాళ్లకి ఊహించుకోవడానికి ఏమైనా మిగిలిందా? బూతు ఫొటో అంతా తనే చెప్పేస్తుంది, చూసేవాళ్లకి పని ఉండదు. మన కడప సీమ తాళ్లపాక అన్నమయ్య ‘ఏమొకో చిగురుటధరమున’ కీర్తనలో నాయిక ఒంటి మీది గుర్తులు మాత్రమే చూపిస్తాడు. పెదవి మీద అక్కడక్కడ కస్తూరి అంటుకుంది. కంటి కొనలు ఎర్రబడ్డాయి. రాత్రి ఏం జరిగిందో ఒక్క మాట కూడా చెప్పడు. ఆ కస్తూరి ఆమె విభుడికి రాసిన ఉత్తరం కాదు కదా అని అడిగి వదిలేస్తాడు. రాత్రి వెళ్లిపోయింది, ఆనవాళ్లు మిగిలాయి. శృంగార ఫొటో తీసేవాళ్లకి నాకు తెలిసిన అన్నిటికన్నా మంచి పాఠం అదే.

అన్నీ సెటప్ చేసి తీస్తే అది అబద్ధం కాదా? నాకు సహజంగా వచ్చిన ఫొటోలే ఇష్టం.

కెమెరా లోకానికి తెలిసిన మరుసటి ఏడాదే సెటప్ ఫొటో కూడా వచ్చింది. ఫొటోగ్రఫీ కనిపెట్టిన పేరు తనకి దక్కలేదన్న కోపంతో ఇప్పోలిత్ బయార్ అనే ఫ్రెంచి ఆయన 1840లో నీళ్లలో మునిగి చనిపోయిన శవంలా, పైన బట్ట లేకుండా కూర్చుని తన ఫొటో తనే తీసుకున్నాడు. పారిస్ వీధిలో ముద్దు పెట్టుకుంటున్న జంటని 1950లో రాబర్ట్ డువానో తీసిన ఫొటో ప్రపంచమంతా చూసింది. అది ఇద్దరు నటుల్ని అడిగి చేయించుకున్నదని 1990లలో కోర్టు కేసు నడిచినప్పుడు బయటపడింది. అయినా ఆ ఫొటోని ఇష్టపడేవాళ్లు తగ్గలేదు.

మామూలు ఫొటోల సంగతి ఎలా ఉన్నా, శృంగారంలో ‘సహజంగా దొరికింది’ అంటే చాలాసార్లు అవతలి మనిషికి తెలియకుండా తీసిందే. అది దొంగచూపు. ఇద్దరూ తెలిసి, మాట్లాడుకుని, కలిసి ఒక క్షణాన్ని కట్టుకుంటే అది సెటప్. అందుకే ఈ పనిలో సెటప్ చేయడమే నిజాయితీ అంటాను.

సందిగ్ధం కావాలంటే కొంచెం బ్లర్ చేసి, చీకటి పెడితే చాలదా?

చాలదు. మసక ఫొటో మసకగా ఉంటుంది, అంతే. రెండు అర్థాలూ స్పష్టంగా కనిపించాలి, ఏది నిజమో ఫొటో తేల్చకూడదు. ఒకావిడ తలుపు గడియ మీద చెయ్యి వేసి నిలబడింది. గడియ పెడుతోందా, తీస్తోందా? కొంగు భుజం మీదికి లాక్కుంటోందా, జారవిడుస్తోందా? ఇలాంటిది ఒక్కటి దొరికితే గది నిండా వెలుతురున్నా, ఒంటి మీది ప్రతి వెంట్రుకా కనిపించినా సందిగ్ధం చెదరదు. షూట్‌కి ముందు నేను ఒక కాగితం మీద ‘ఇది ఫలానా అయినా కావచ్చు, ఫలానా అయినా కావచ్చు’ అని రాసుకుంటాను. రెండు ఫలానాలూ పూరించలేకపోతే ఆ రోజు కెమెరా తీయను.

అసలు మనిషే లేకుండా శృంగార ఫొటో తీయొచ్చా?

తీయొచ్చు. కొత్తవాళ్లని మొదట అదే తీయమంటాను. ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో ఒక కాప్సికమ్‌ని రేకు గరాటులో పెట్టి ఫొటో తీశాడు. అందులో వంగిన వీపు, ముడుచుకున్న చేతులు చూడనివాళ్లు తక్కువ. మన దగ్గర ఇలాంటివాటికి కరువా? బేతంచెర్ల నాపరాతి పొరలు, గండికోట లోయ అంచున బండల వంపులు, ఎండాకాలం తుంగభద్ర ఇసుకలో గాలి వేసిన మడతలు, సగం ఒలిచిన చీనీకాయ (బత్తాయి). పొద్దున్నే పక్క నుంచి పడే వెలుతురులో తీయండి. ఇంట్లో అయితే ఇద్దరు పడుకుని లేచిన పక్క చాలు.

ఇది మన సంస్కృతి కాదంటారు. గుడి శిల్పాలు చూపించి వాదించొచ్చా?

తాడిపత్రిలో పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం గోపురాల దగ్గర కాసేపు నిలబడితే, నిలబడ్డ మనిషి బరువు ఒక కాలి మీదికి ఎలా వెళ్తుందో, దానికి నడుము ఎలా వంగుతుందో ఏ వర్క్‌షాప్‌లోనూ చెప్పనంత బాగా తెలుస్తుంది. కర్నూలు నుంచి తుంగభద్ర దాటి వెళ్తే అలంపురంలో బాదామి చాళుక్యుల నాటి మిథున శిల్పాలు, అంటే జంటల బొమ్మలు ఉన్నాయి. వెళ్లి చూడండి, నేర్చుకోండి. వాదనకి మాత్రం వాటిని అడ్డం పెట్టుకోవద్దు. రాతి బొమ్మకి వీధిలో బంధువులు లేరు, దాని పెళ్లి సంబంధం చెడిపోదు. మీ ఫొటోలోని మనిషికి ఇవన్నీ ఉన్నాయి. వద్దనేవాళ్లలో చాలామంది భయం ఆ మనిషి గురించే. ఆ భయానికి మీ దగ్గర జవాబు ఉండాలి.

## మనుషులతో మాట్లాడేటప్పుడు

మా ఊళ్లో మోడల్‌గా ఎవరూ ఒప్పుకోరు. ఎలా మొదలుపెట్టాలి అన్నా?

మీతోనే. ఫ్రాన్సెస్కా వుడ్‌మన్ అనే అమెరికన్ అమ్మాయి 1970లలో, చదువుకునే రోజుల్లో, ప్రావిడెన్స్ ఊళ్లోని పాడుబడ్డ ఇంట్లో తనని తనే తీసుకుంది. షటర్ చాలాసేపు తెరిచి పెట్టి కదలడంతో ఆ ఒళ్లు గోడలోకి కరిగిపోతున్నట్టుంటుంది. 22 ఏళ్లకే చనిపోయినా ఆ ఫొటోల ప్రభావం ఇప్పటికీ ఉంది. మీకు కావాల్సింది ఒక ట్రైపాడ్, సెల్ఫ్ టైమర్, ఒక సెకను షటర్ స్పీడ్. బట్టలు లేకుండా కెమెరా ముందు నిలబడితే ఒళ్లు ఎలా బిగుసుకుంటుందో, ‘రిలాక్స్ అవ్వండి’ అన్న మాట ఎంత పనికిరానిదో అప్పుడే తెలుస్తుంది. ఆ ఫొటోలు చూపించి తెలిసినవాళ్లని అడగండి. పరిచయం లేని ఆడవాళ్లకి మెసేజ్‌లు పెట్టి మాత్రం అడగొద్దు.

నమ్మకం ఉంది కదా, కాగితం మీద రాసుకోవడం అవసరమా?

నమ్మకం ఉన్నచోట ఇంకా అవసరం. జపాన్‌లో నొబుయోషి అరాకి అంత పేరున్న ఫొటోగ్రాఫర్ దగ్గర ఏళ్ల తరబడి మోడల్‌గా చేసినావిడ 2018లో బయటికొచ్చి రాసింది: తమ మధ్య రాతపూర్వక ఒప్పందమే లేదని, తన ఫొటోలు ఎక్కడ ఎలా వాడాలన్నదాంట్లో తన మాటకి చోటు లేకపోయిందని. ఆ ఫొటోల్లోని సందిగ్ధాన్ని అందరూ మెచ్చుకున్నారు. అవతలి మనిషి బతుకులో కూడా అదే సందిగ్ధం ఉందని ఎవరూ చూడలేదు. ఆ సంగతి చదివినప్పటి నుంచి ఈ విషయంలో నేను చాలా మొండిగా ఉంటున్నాను.

కాగితం తెలుగులో రాయండి. ఎంతవరకు బట్టలు తీయడం, ముఖం కనిపించొచ్చా లేదా, పచ్చబొట్టు, పుట్టుమచ్చ లాంటి ఆనవాళ్ల సంగతి ఏమిటి, గదిలో ఎవరెవరు ఉంటారు, ఒరిజినల్ ఫైళ్లు ఎవరి దగ్గర ఉంటాయి, ఎంత డబ్బు, తర్వాత మనసు మారితే ఏం చేయాలి అన్నవన్నీ అందులో ఉండాలి. వాడుక గురించి ఒక్కొక్కటి విడిగా రాయండి: ఇంట్లో ఆల్బమ్, ప్రింట్ అమ్మకం, ప్రదర్శన, ఇంటర్నెట్. ఒకదానికి ఒప్పుకున్నవాళ్లు ఇంకోదానికి ఒప్పుకున్నట్టు కాదు. షూట్ రోజు చేతిలో పెట్టి సంతకం అడగడం బలవంతం లాంటిదే. ముందే ఇవ్వండి, ఇంటికి తీసుకెళ్లి చదువుకోనివ్వండి. ఫొటోలు ఎంచాక ఆ ఫొటోలు చూపించి ఇంకో సంతకం తీసుకోండి.

మోడల్ భర్త ఒప్పుకున్నాడు. అది సరిపోతుందా?

సరిపోదు. ఒళ్లు ఎవరిదో ఒప్పుకోవాల్సింది వాళ్లే. జంటలు వస్తే ఇద్దరితో విడివిడిగా మాట్లాడతాను. ‘ఆయనకి ఇష్టం కదా అన్నా, అందుకే’ అని ఆమె అంటే ఆ షూట్ చేయను.

వయసు అడిగి తెలుసుకుంటే చాలా?

పుట్టిన తేదీ ఉన్న గుర్తింపు కార్డు చూడండి. 18 నిండనివాళ్లతో ఈ పని ఆలోచించనే కూడదు. వాళ్లు ఒప్పుకున్నా, తల్లిదండ్రులు ఒప్పుకున్నా చట్టం దృష్టిలో ఆ ఒప్పుకోలుకి విలువ లేదు. పిల్లల మీద లైంగిక నేరాలకి వర్తించే 2012 పోక్సో చట్టం కింద తీవ్రమైన నేరమవుతుంది.

షూట్ మధ్యలో ‘ఇంక చాలు’ అంటే?

కెమెరా కింద పెట్టండి. కారణం అడగొద్దు. మాట్లాడుకున్న డబ్బు మొత్తం ఇవ్వండి.

## షూట్ రోజు

ఎక్కడ తీయాలి? గండికోటలో తీస్తే బాగుంటుంది కదా?

వద్దు. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. పైగా ప్రీ వెడ్డింగ్ షూట్లతో, టూరిస్టులతో ఎప్పుడూ జనం ఉంటారు. బహిరంగ ప్రదేశంలో అసభ్య చర్య అని భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 296 సెక్షన్ కింద కేసు పెట్టే వీలుంది. కేసు సంగతి అలా ఉంచండి. ఎవరో దూరం నుంచి ఫోన్‌లో జూమ్ చేసి తీస్తే మీరు మోడల్‌కి ఇచ్చిన మాట అక్కడే పోతుంది. ఓర్వకల్లు రాక్ గార్డెన్ కావాలన్నా నేను చెప్పేది ఇదే.

తెలిసినవాళ్ల చీనీ తోటలోని ఇల్లు, ఊళ్లో ఖాళీగా ఉన్న పాత మిద్దె, లేకపోతే మీ ఇల్లే. ఇంటివాళ్లకి ఏం తీస్తున్నారో దాచకుండా చెప్పండి. లోయ కావాలనే ఉంటే లోయని విడిగా తీసి, ఇంట్లో తీసిన వీపు ఫొటో పక్కన పెట్టండి. రెండూ ఒకే ఫ్రేమ్‌లో ఉన్నప్పటికన్నా అలా పక్కపక్కన ఉన్నప్పుడే బాగా మాట్లాడతాయి.

స్టూడియో లైట్లు లేవు. ఇంట్లో వెలుతురుతో కుదురుతుందా?

మన పాత మిద్దెల్లో పైకప్పుకి గవాక్షం ఉంటుంది. పొద్దెక్కాక అందులోంచి వెలుతురు నేల మీద ఒక్కచోటే పడుతుంది, మిగతా గదంతా చీకటి. ఏ స్టూడియోలోనూ అంత మంచి లైటు నేను చూడలేదు. మోడల్‌ని ఆ వెలుతురు మధ్యలో నిలబెట్టొద్దు, అంచున నిలబెట్టండి. భుజం మీద, తొడ పక్కన, చెంప మీద కొంచెం వెలుగు పడి మిగతాది నీడలో ఉండిపోతుంది. ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి ఎంత వెలుతురు రావాలన్న కొలత) ఆ వెలుగు పడ్డ చర్మానికి లాక్ చేయండి, నీడల్ని నల్లగానే వదలండి. ఆటో మోడ్‌లో పెడితే కెమెరా చీకటిని చూసి భయపడి అంతా తెల్లగా చేసేస్తుంది.

మెత్తటి వెలుతురు కావాలంటే గవాక్షానికో కిటికీకో తెల్ల పంచె కట్టండి, చాలు. నేల మీద పాలిష్ చేసిన కడప బండలుంటే మీ అదృష్టం. నల్ల నేల వెలుతురుని తిరిగి పైకి కొట్టదు కాబట్టి నీడలు నిండుగా ఉంటాయి. బండ మీద కొంచెం నీళ్లు చల్లితే మనిషి రూపం తలకిందులుగా, విరిగి విరిగి కనిపిస్తుంది. ఒక్కోసారి ఆ ప్రతిబింబం ఒక్కటే తీసి, మనిషిని వదిలేస్తాను. తెల్ల టైల్స్ ఇల్లయితే నల్ల దుప్పటి పరచండి. ఏప్రిల్, మే మధ్యాహ్నాలు పెట్టుకోవద్దు, ఆ ఉక్కలో మనుషులు అలసిపోతారు.

గదిలో ఏ వస్తువులు పెట్టాలి?

మల్లెపూలు, పాలగ్లాసు పెట్టారంటే సినిమా శోభనం గది గుర్తొస్తుంది, ఇంక వేరే అర్థానికి చోటుండదు. అందరికీ ఒకే అర్థం తెలిసిన వస్తువు ఫొటో నోరు నొక్కేస్తుంది. కనకాంబరాలు పెట్టి చూడండి. మనవైపు ఆడవాళ్లు బజారుకీ గుడికీ ఊరికీ పెట్టుకునే రోజువారీ పూలు అవి. విప్పిన జుట్టులో నలిగిన కనకాంబరాల దండ ఉంటే, ప్రయాణంలో నలిగిందో ఇంకెలా నలిగిందో చూసేవాళ్లు తేల్చుకోవాల్సిందే.

టీ గ్లాసులు రెండు పెట్టండి. ఒకటి తాగేసింది, ఇంకోదాని మీద మీగడ కట్టింది. రెండో మనిషి వచ్చి వెళ్లారా, రానే లేదా? తక్కువ వస్తువులతో ఇంత పని జరిగితే గది నిండా సామాను ఎందుకు?

తాళి ఉంచాలా తీయాలా అన్నది మోడల్ నిర్ణయం. ఫొటో అర్థం దాంతో ఎంత మారుతుందో ముందే కూర్చుని మాట్లాడుకోండి. దేవుడి పటాలు ఫ్రేమ్‌లో లేకుండా చూసుకోండి. అంగడి పేరున్న గోడ క్యాలెండర్ కూడా తీసేయండి. అది ఊరునీ నెలనీ బయటపెట్టేస్తుంది.

మోడల్ బిగుసుకుపోతున్నారు. ఎలా నిలబడమని చెప్పాలి?

ఫోజు చెప్పొద్దు, పని చెప్పండి. జుట్టు ముడి వేసుకోమనండి, గాజులు ఒక్కొక్కటే తీసి పెట్టమనండి, తడి బట్ట పిండమనండి. పని మొదట్లోనూ కాదు, చివర్లోనూ కాదు, మధ్యలో షటర్ నొక్కండి. కొంగు సర్దాలన్నా మాటతోనే చెప్పండి, మీ చెయ్యి వెళ్లకూడదు.

బిగుతు బట్టల గుర్తులు చర్మం మీద చాలాసేపు ఉంటాయి. వద్దనుకుంటే రెండు గంటల ముందు నుంచే వదులు నైటీ వేసుకోమనండి. నాకైతే లంగా నాడా నడుము చుట్టూ వదిలిన గీత చాలా ఇష్టం. ఏమీ చూపించకుండానే అంతా జరిగిపోయిందని చెబుతుంది.

ముఖం కనిపించకూడదంటున్నారు. తల కత్తిరించేస్తే సరిపోతుందా?

సరిపోతుంది కానీ మనిషి పోయి మాంసం మిగులుతుంది. మన్ రే 1924లో ఒకావిడని వెనక నుంచి తీసి, ప్రింట్ మీద వయొలిన్ రంధ్రాలు గీశాడు. అందులో తల ఉంది, కొంచెం పక్కకి తిరిగి ఉంది. చేతులు కనిపించవు. ఆమె మనిషా, వాద్యమా అన్న ప్రశ్న అందుకే నిలబడింది. ఆంద్రే కెర్తెజ్ 1933లో వంకర అద్దాల్లో ప్రతిబింబాల్ని తీశాడు, ఎవరో పోల్చుకోలేం, అయినా జీవం ఉంది. జుట్టు ముఖం మీద పడనివ్వండి, మోచెయ్యి అడ్డం పెట్టించండి, చేతి వేళ్లకీ మెడ వెనక భాగానికీ పని ఇవ్వండి.

అమెరికాలోని న్యూ ఓర్లీన్స్ వేశ్యావాటికలో 1912 ప్రాంతంలో బెలాక్ అనే ఫొటోగ్రాఫర్ తీసిన గాజు నెగటివ్‌లలో కొన్నిటి మీద ముఖాలు గీకేసి ఉన్నాయి. ఎవరు గీకారో ఈనాటికీ తేలలేదు. వాటిని చూస్తే ముఖం దాచడం కూడా ఎంత హింసగా ఉండొచ్చో అర్థమవుతుంది.

## ఎంపిక, ఎడిటింగ్, ప్రింట్

చాలా తీశాను. ఏది మంచిదో ఎలా తెలుస్తుంది?

మొదట మోడల్ వద్దన్నవి చెరిపేయండి. మిగతావి వారం తర్వాత చూడండి. మోడల్ ఒప్పుకుంటే మీరు నమ్మే ఇద్దరికి విడివిడిగా చూపించి ‘ఇక్కడ ఏం జరుగుతోంది?’ అని అడగండి. ఇద్దరూ ఒకే మాట చెబితే ఫొటోలో సందిగ్ధం లేదు. ఇద్దరూ ‘ఏమో’ అంటే గందరగోళం మాత్రమే ఉంది. ఇద్దరూ ధీమాగా రెండు వేర్వేరు కథలు చెబితే ఆ ఫొటోని పక్కన పెట్టుకోండి.

చర్మం నున్నగా చేయాలా?

మోడల్ అడిగితే తప్ప చేయొద్దు. కాన్పు చారలు, కాలిన మచ్చ, మోచేతి నలుపు ఉన్నప్పుడే ఆ ఒంటికి ఒక గతం ఉందని తెలుస్తుంది.

ల్యాబ్‌లో ప్రింట్‌కి ఇస్తే బయటికి పోతాయని టెన్షన్‌గా ఉంది.

మీ భయం నిజమే. చిన్న ఊళ్లో ల్యాబ్ ఆపరేటర్‌కి మోడల్ పక్కింటి మనిషే కావచ్చు. మంచి ఇంక్‌జెట్ ప్రింటర్ కొనుక్కుని, మ్యాట్ కాటన్ పేపర్ మీద ఇంట్లోనే వేసుకోవడం మేలు. పెద్ద సైజు అవసరం లేదు. అరచేతికి కొంచెం పెద్ద ప్రింట్ చూసేవాళ్లని దగ్గరికి రప్పిస్తుంది. ఫొటోలు తీసే ఫోన్‌లో క్లౌడ్ బ్యాకప్ ఆపండి. ఫైళ్లలో దాక్కున్న లొకేషన్ వివరాలు తీసేయండి. పాస్‌వర్డ్ ఉన్న హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ చాలు.

మోడల్ బదులు ఏఐతో చేయించొచ్చా?

నిజమైన మనిషి ముఖం పెట్టి చేస్తే అది ఆ మనిషి మీద దాడి, కేసు కూడా అవుతుంది. ఎవరూ కాని బొమ్మ చేస్తే మీ ఇష్టం. నాకు మాత్రం ఆసక్తి లేదు. ఆ కొంగు లాక్కుంటోందా జారుస్తోందా అన్న ప్రశ్న వెనక నిజంగా ఒక మనిషి ఉండాలి.

## చూపించేటప్పుడు

ఇలాంటివి తీస్తే, చూపిస్తే పోలీసు కేసు అవుతుందా?

నగ్నత్వం ఉన్నంత మాత్రాన అశ్లీలం కాదని సుప్రీంకోర్టు 2014లో అవీక్ సర్కార్ కేసులో చెప్పింది. టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్, కాబోయే భార్యతో దిగిన ఫొటోని ఇక్కడి పత్రికలు వేస్తే వచ్చిన కేసు అది. ఫొటోని మొత్తంగా చూడాలని, ఇప్పటి సమాజం ప్రమాణాలతో కొలవాలని, భంగిమ, నేపథ్యం ముఖ్యమని తీర్పు చెప్పింది. అంటే మీరు గదిని ఎలా అమర్చారన్నది కోర్టులో కూడా లెక్కకి వస్తుంది. చిత్రకారులు సూజా, అక్బర్ పదమ్సీ గీసిన నగ్న చిత్రాల్ని కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే 2024లో బాంబే హైకోర్టు విడిపించింది.

కోర్టులో గెలవడం వేరు, కేసు రాకపోవడం వేరు. భారతీయ న్యాయ సంహిత 294 సెక్షన్ అశ్లీల వస్తువుల అమ్మకం, ప్రదర్శన గురించి చెబుతుంది. కళ కోసం చేసినవాటికి అందులో మినహాయింపు ఉంది. ఇంటర్నెట్‌లో పెడితే ఐటీ చట్టం 67 సెక్షన్ వస్తుంది, మొదటిసారి నేరానికే 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా పడొచ్చు. లైంగిక చర్య నేరుగా చూపిస్తే 67ఏ కింద 5 ఏళ్లు, 10 లక్షలు. ప్రదర్శన పెట్టే ముందు లాయర్‌కి ఫొటోలు చూపించండి. మన ఊళ్లలో నేనైతే పిలిచినవాళ్లకే, 18 నిండినవాళ్లకే చూపిస్తాను.

ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టొచ్చా?

నగ్న శిల్పాలు, పెయింటింగ్‌లు ఉండనిస్తుంది, నగ్న ఫొటోలు తీసేస్తుంది. నలుపు చుక్కలు పెట్టి పాడుచేసి పెట్టడం కన్నా టీ గ్లాసుల ఫొటో, పక్క దుప్పటి ఫొటో పెట్టండి.

ఫొటోకి పేరు ఏం పెట్టాలి?

‘విరహం’, ‘నిరీక్షణ’ లాంటి పేరు పెడితే కష్టపడి తెరిచి ఉంచిన తలుపుని మీరే మూసేసినట్టు. ‘మిద్దె, 2023’ చాలు. ఊరి పేరు వద్దు, మోడల్ ఆచూకీ దొరికిపోతుంది.

డబ్బులిచ్చి మా జంట ఫొటోలు తీయించుకున్నాం. వాటి మీద హక్కు ఎవరిది?

1957 కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, హక్కుదారు తీయించుకున్నవాళ్లే. ఫొటోగ్రాఫర్ తన పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవాలంటే మిమ్మల్ని అడగాలి.

ఫొటోలు ఎవరైనా లీక్ చేస్తే ఏం చేయాలి?

తీయడానికి ఒప్పుకున్న స్త్రీ, ఇతరులకి చూపడానికి ఒప్పుకోకపోతే, ఆ ఫొటోలు పంచడం భారతీయ న్యాయ సంహిత 77 సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా శిక్ష ఉంది. మగవాళ్ల ఫొటోలకి కూడా ఐటీ చట్టం 66ఈ వర్తిస్తుంది. ముందు స్క్రీన్‌షాట్లు, లింకులు, తేదీలు దాచుకోండి, కంగారులో ఏదీ డిలీట్ చేయొద్దు. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. అక్కడ ఆడవాళ్లకి సంబంధించిన ఫిర్యాదు పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. ఆ ఫొటో ఉన్న సోషల్ మీడియా సంస్థకి కూడా వెంటనే రిపోర్ట్ చేయండి. స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ మీ ఫోన్‌లోనే ఫొటోకి ఒక డిజిటల్ వేలిముద్ర తయారుచేసి, ఫొటో పంపకుండానే దాన్ని సంస్థలకి అందిస్తుంది. స్టేషన్‌కి వెళ్లాల్సి వస్తే మోడల్‌ని ఒంటరిగా పంపొద్దు. సంతకం చేసిన ఒప్పందం పట్టుకుని ఫొటోగ్రాఫర్ కూడా వెంట వెళ్లాలి.